మనోవ్యాధికి మందు లేదా?

తెలుగులో బాలింత ఒంటి గురించి ఉన్నన్ని మాటలు బాలింత మనసు గురించి లేవు. పురుడు, పురిటి స్నానం, పథ్యం, కాయం, సాంబ్రాణి పొగ, నడికట్టు, చెవుల్లో దూది, తలకు గుడ్డ. "పచ్చి బాలింత" అనే రెండు మాటల్లోనే ఒక వైద్యశాస్త్రం ఇమిడి ఉంది. ఆ ఒళ్ళు ఇంకా మానని పుండు, చలిగాలి తగలకూడదు, బరువు ఎత్తకూడదు, చన్నీళ్ళు ముట్టకూడదు అని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మనసు దగ్గరికి వచ్చేసరికి ఈ జాగ్రత్తంతా ఏమైపోతుందో తెలీదు. పిచ్చిగా ప్రవర్తిస్తే "సన్ని కమ్మింది" అంటాం, లేదా "గాలి సోకింది" అంటాం. ఊరికే ఏడుస్తూ కూచుంటే మాత్రం దానికి పేరుండదు, తిట్టుంటుంది. "బంగారంలాంటి బిడ్డను పక్కలో పెట్టుకుని ఆ ఏడుపేంటి? మేం కనలేదా పిల్లల్ని?"

ఈ వ్యాసం ఆ పేరు లేనితనం గురించి. మరీ ముఖ్యంగా, నగరాల్లో పేదవాళ్ళుండే చోట్ల కాన్పు తర్వాతి దిగులును లోకం ఎలా చూసింది, ఎప్పుడు చూడ్డం మొదలుపెట్టింది అన్న సంగతి గురించి.

ముందు ఒక చిన్న వివరణ. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో తల్లికి కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు, ఆత్రం చాలామందిలో ఉంటుంది. రెండు వారాల్లోపు అదే సర్దుకుంటుంది. దాన్ని జబ్బు అనరు. రెండో రకం చాలా అరుదు. వెయ్యి కాన్పులకు ఒకటి రెండు చోట్ల కనపడే ఉన్మాదం, లేని మాటలు వినపడటం, లేని భయాలు నిజమనిపించడం. మనవాళ్ళు సన్ని అన్నది చాలావరకు దీన్నీ, పురిటి జ్వరంలో వచ్చే సంధినీ కలిపి. ఈ రెంటికీ మధ్యలో ఉన్నది మూడోది. వారాలు నెలలు గడిచినా వదలని దిగులు, నిద్ర పట్టకపోవడం, బిడ్డ మీద మనసు కుదరకపోవడం, నేను తల్లిగా పనికిరాను అనుకోవడం, చచ్చిపోవాలనిపించడం. అరుపులుండవు, కేకలుండవు. ఆ తల్లి వంట చేస్తుంది, బిడ్డకు పాలిస్తుంది, నీళ్ళ టాంకరు దగ్గర బిందెతో నిలబడుతుంది. అందుకే దీన్ని గుర్తుపట్టడానికి మనుషులకు ఇంతకాలం పట్టింది.

*

గుర్తుపట్టక ముందు చేసిన పని, నిందించడం.

కాశ్యప సంహిత మన ఆయుర్వేదంలో తల్లీబిడ్డల వైద్యానికి మూలగ్రంథం. సూతికా రోగాల గురించి, బాలింతకు చేయాల్సిన ఉపచారాల గురించి అందులో చాలా శ్రద్ధగా ఉంటుంది. అదే గ్రంథంలో రేవతీ కల్పం అనే భాగం ఉంది. గర్భాలనూ పుట్టిన బిడ్డలనూ హరించే జాతహారిణుల గురించి చెప్పేది అక్కడే. జాతహారిణి ఎవరిని పడుతుంది? ధర్మం తప్పిన ఆడదాన్ని, నడవడి సరిగా లేనిదాన్ని. అంటే ఒకే పుస్తకంలో ఒక చేత్తో కషాయం, మరో చేత్తో నేరారోపణ.

ఇది మన దగ్గరే ఉన్న సంగతి కాదు. తూర్పు ఆఫ్రికాలో ఉగాండాలోని గాండా ప్రజల్లో 'అమాకిరో' అనే మాట ఉంది. కాన్పయిన తల్లికి మతి చెదిరి, కన్నబిడ్డనే తినేయాలన్న కోరిక పుడుతుందని వాళ్ళ నమ్మకం. ఎందుకు వస్తుందంటే, కడుపుతో ఉన్నప్పుడు పరాయి మగవాడితో తిరిగినందుకు. మూలికల స్నానాలు సరిగా చేయనందుకు అని కూడా అంటారు. రెండు సంప్రదాయాలకూ ఒకదాని ఊసు ఒకదానికి తెలియదు. తీర్పు మాత్రం ఒకటే: ఆడది ఏదో చేసి ఉంటుంది.

ఇలాంటి నమ్మకం ఉన్నచోట జబ్బుపడిన తల్లి ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు. నోరు మూసుకుంటుంది. "నాకు బిడ్డను చూస్తే భయమేస్తోంది" అన్న మరుక్షణం ఆమె శీలం మీద విచారణ మొదలవుతుంది. సిగ్గు మొదటినుంచీ ఈ జబ్బుకు అంటుకునే ఉంది. పేదరికం వల్ల కొత్తగా వచ్చి చేరింది కాదు. పేదరికం ఆ సిగ్గును దాచుకోవడానికి చోటు లేకుండా చేసింది, అంతే.

*

పందొమ్మిదో శతాబ్దపు యూరపులో ఈ విషయం పూజారి చేతుల్లోంచి డాక్టరు చేతుల్లోకి మారింది. 1858లో పారిస్‌లో లూయీ విక్టర్ మార్సే అనే యువ వైద్యుడు గర్భిణులు, బాలింతలు, పాలిచ్చే తల్లుల్లో కలిగే ఉన్మాదం మీద ఒక పెద్ద గ్రంథమే రాశాడు. ఈ అంశం మీద పూర్తిస్థాయి వైద్యగ్రంథాల్లో దాన్నే మొదటిదిగా చెబుతారు. 1865లో ఎడింబరోలో జాన్ బాటీ ట్యూక్ అక్కడి పిచ్చాసుపత్రి రికార్డులు తిరగేసి కేసుల్ని మూడు గుంపులు చేశాడు: కడుపుతో ఉండగా వచ్చేది, కాన్పు వెంటనే వచ్చేది, పాలిచ్చే నెలల్లో వచ్చేది.

మూడోది నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. పాలిచ్చే నెలల్లో వచ్చే మతిభ్రమ ఎక్కువగా పేద ఆడవాళ్ళలో కనపడేదని ఆనాటి వైద్యులే గమనించారు. వరస కాన్పులు, చాలని తిండి, నెలల తరబడి పాలివ్వడం, మిల్లు పని, చాకిరీ. ఆసుపత్రిలో చేర్చుకుని ఏం చేసేవాళ్ళంటే, కడుపునిండా తిండి పెట్టి నిద్రపోనిచ్చేవాళ్ళు. చాలామంది కొన్ని నెలల్లో తేరుకుని ఇంటికెళ్ళేవాళ్ళు. ఏ ఇంటికి? అదే ఇంటికి. చరిత్రకారిణి హిలరీ మార్లండ్ 2004లో రాసిన పుస్తకంలో విక్టోరియన్ కాలపు బాలింత ఉన్మాదం కథంతా ఉంది. డబ్బున్న ఇంటి ఆడవాళ్ళకు ఇంట్లోనే ఆయాలు, నర్సులు, చీకటి గది, నిశ్శబ్దం. లేనివాళ్ళకు పిచ్చాసుపత్రి గేటు. జబ్బు ఒకటే, దాచుకోగలగడంలోనే తేడా.

ఆసుపత్రి గేటు కాకపోతే కోర్టు బోను. ఇంగ్లండులో 1624 నాటి ఒక చట్టం ప్రకారం పెళ్ళికాని తల్లి తన బిడ్డ చావును దాచిపెడితే చాలు, హత్య చేసినట్టే లెక్క. బిడ్డ చచ్చిపుట్టిందని ఆమే రుజువు చేసుకోవాలి. 1803లో గానీ ఆ చట్టం పోలేదు. ఆ తర్వాత కూడా బిడ్డను చంపిన తల్లికి శిక్ష ఉరే. జ్యూరీలు మాత్రం పెద్దగా మనసొప్పక ఏదో ఒక దారి వెతికి తప్పించేవి. 1921లో లెస్టర్ కోర్టులో ఎడిత్ రాబర్ట్స్ అనే 21 ఏళ్ళ ఫ్యాక్టరీ కార్మికురాలికి మగవాళ్ళు మాత్రమే ఉన్న జ్యూరీ ముందు ఉరిశిక్ష పడింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. శిక్ష తగ్గించారు. మరుసటి ఏడు, 1922లో శిశుహత్య చట్టం వచ్చింది. కాన్పు ప్రభావం నుంచి ఇంకా కోలుకోక మతి చెదిరిన స్థితిలో తల్లి అప్పుడే పుట్టిన బిడ్డను చంపితే దాన్ని హత్యగా చూడనక్కర్లేదు అంది. 1938లో ఆ గడువును ఏడాది వయసు బిడ్డ దాకా పొడిగించారు. ఒక ఫ్యాక్టరీ పిల్ల మెడ మీదికి ఉరితాడు వచ్చాక గానీ, కాన్పు మనసును కూడా గాయపరుస్తుందని చట్టం ఒప్పుకోలేదు.

మనకు ఆ చట్టం రాలేదు. 1860లో మనకు ఇచ్చిన శిక్షాస్మృతిలో అలాంటి ప్రత్యేక నిబంధన లేదు, దాని స్థానంలో 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలోనూ లేదు. మతిస్థిమితం లేని వాళ్ళందరికీ వర్తించే సాధారణ సెక్షనే బాలింతకూ దిక్కు. "కసాయి తల్లి" అన్న శీర్షికతో పేపర్లో వచ్చే వార్త చదివినప్పుడల్లా ఆ తల్లి కాన్పై ఎన్ని వారాలైంది అన్న వివరం కోసం నేను వెతుకుతాను. చాలాసార్లు ఉండదు.

*

ఉన్మాదం దొరికింది గానీ, దిగులు దొరకలేదు. గొడవ చెయ్యని జబ్బు డాక్టర్ల లెక్కలోకి రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. దానికి దారి వేసింది లండన్, పారిస్ కాదు. కంపాలా.

1970ల మొదట్లో జాన్ కాక్స్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు ఉగాండాలోని మకెరెరే విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. కంపాలా దగ్గర్లోని కసంగతి ఆరోగ్యకేంద్రానికి వచ్చే గర్భిణులతో, బాలింతలతో వాళ్ళ భాషలో మాట్లాడించి చూశాడు. అమాకిరో గురించి రాసినవాడు కూడా ఆయనే. 'పేద దేశాల ఆడవాళ్ళకు డిప్రెషన్ ఎక్కడిది, అది తిన్నది అరగని వాళ్ళ జబ్బు' అన్న నమ్మకం ఆ రోజుల్లో డాక్టర్లలోనూ ఉండేది. కాక్స్ తర్వాత స్కాట్లండుకు వెళ్ళి అక్కడి తల్లులతో పోల్చి చూస్తే దిగులుపడే తల్లులు రెండు చోట్లా ఇంచుమించు ఒకే మోతాదులో ఉన్నారు.

1987లో ఆయన, జెనీ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ కలిసి ఎడింబరోలో ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. పది ప్రశ్నలు. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా, ఊరికే నిన్ను నువ్వు తిట్టుకున్నావా, ఏడుపొచ్చిందా, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా, ఈ తరహావి. ప్రతి జవాబుకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం ముప్పై. ఇందులో ఒక తెలివైన పని ఉంది. నీరసం, ఆకలి లేకపోవడం, ఒళ్ళు నొప్పులు లాంటివి అడగలేదు. ఎందుకంటే అవి ఏ బాలింతకైనా ఉండేవే. ఒంటిని పక్కకు జరిపి మనసును మాత్రమే అడిగిన కొలబద్ద అది. ఇవాళ ప్రపంచమంతా, మన దేశపు అనేక భాషల్లోనూ, వాడుతున్నది దాన్నే.

*

పేరు వచ్చింది, కొలత వచ్చింది. ఇక ప్రశ్న: పేద వాడలో ఈ దిగులు జబ్బా, లేక పేదరికమేనా?

1978లో జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ ఒక పుస్తకం ప్రచురించారు. దక్షిణ లండన్‌లోని కాంబర్‌వెల్ అనే పేటలో ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళతో గంటల తరబడి మాట్లాడి రాసింది. ఇంట్లో చిన్నపిల్లలున్న కార్మిక కుటుంబాల ఆడవాళ్ళలో డిప్రెషన్ అదే పేటలోని మధ్యతరగతి ఆడవాళ్ళలో కన్నా కొన్ని రెట్లు ఎక్కువని వాళ్ళకు తేలింది. కష్టం వచ్చినప్పుడు ఎవరు కూలిపోతారు, ఎవరు నిలబడతారు అన్నదానికి నాలుగు విషయాలు చెప్పారు. మనసు విప్పి చెప్పుకునే భర్తో తోడో లేకపోవడం, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ముగ్గురో ఇంకా ఎక్కువో ఇంట్లో ఉండటం, బయట పని లేకపోవడం, పదకొండేళ్ళ లోపే తల్లిని పోగొట్టుకోవడం. ఇందులో ఏ ఒక్కటీ ఆమె గుణం కాదు. అన్నీ ఆమె బతుకు.

దీనికి ఎదురుగా మరో పుస్తకం పెట్టుకుని చదవాలి. నాన్సీ షెపర్ హ్యూస్ అనే మానవశాస్త్రవేత్త ఈశాన్య బ్రెజిల్‌లోని ఒక పట్నం అంచున కొండమీది మురికివాడ, ఆల్టో దో క్రుజేరో గురించి 1992లో రాసింది. చెరకు తోటల కూలీలు, ఇళ్ళల్లో బట్టలుతికే ఆడవాళ్ళు. పసిబిడ్డలు వరసగా చచ్చిపోతుంటే తల్లులు ఏడవడం కూడా మానేసిన చోటు. అక్కడ వణుకు, నీరసం, తలతిప్పు, నిద్రలేమి, ఏది వచ్చినా జనం 'నెర్వోస్' అనేవాళ్ళు. నరాల జబ్బు అన్నమాట. ఒకప్పుడు అదే మనుషులు అదే బాధను ఆకలి అని పిలిచేవాళ్ళు. నరాల జబ్బు అనగానే మందుల షాపుల్లో, ఆసుపత్రుల్లో మత్తుమాత్రలు, టానిక్కులు ఇచ్చేవాళ్ళు. అన్నం అడగాల్సిన నోరు మాత్ర అడగడం నేర్చుకుంది. షెపర్ హ్యూస్ కోపమంతా దాని మీద.

కోపంలో న్యాయం ఉంది. బిడ్డకు పాలు లేవు, ఇంటద్దె కట్టలేదు, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడు అన్న తల్లికి 'డిప్రెషన్' అని చీటీ రాసిచ్చి పంపేస్తే మొగుడికీ, ఇంటి ఓనరుకూ, ప్రభుత్వానికీ ఎవ్వరికీ బాధ్యత ఉండదు. కానీ ఈ వాదాన్ని ఇంకొంచెం లాగితే ఇంకో గొయ్యి ఉంది. "బీదోళ్ళకు డిప్రెషన్లేంటి, వాళ్ళకున్నది డబ్బు లేని బాధే" అనేస్తాం. అప్పుడు పేద తల్లికి దక్కేది సానుభూతి మాత్రమే, వైద్యం కాదు. మురికినీళ్ళ వల్ల కలరా వస్తుందని తెలిసిన తర్వాత ఎవరూ కలరా జబ్బు కాదు అనలేదు. నీళ్ళూ బాగుచేయాలి, సెలైనూ ఎక్కించాలి. కాంబర్‌వెల్ పుస్తకం చెప్పింది నా దృష్టిలో అదే. కారణం బతుకులో ఉన్నంత మాత్రాన జబ్బు అబద్ధమైపోదు.

*

మన దేశంలో లెక్కలు 2002 నాటికి వచ్చాయి. గోవాలో విక్రమ్ పటేల్, ఆయన సహచరులు ఒక జిల్లా ఆసుపత్రికి వచ్చిన 270 మంది తల్లులను కడుపుతో ఉన్నప్పటి నుంచీ గమనించారు. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం మందిలో డిప్రెషన్ కనపడింది. వాళ్ళలో సగానికి పైగా ఆరు నెలలకు కూడా తేరుకోలేదు. డబ్బు ఇబ్బంది, భర్తతో పడకపోవడం ముఖ్య కారణాలు. వాటి మీద ఆడపిల్ల పుట్టడం తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. దిగులుపడిన తల్లుల బిడ్డలు ఆరు నెలలకు బరువు తక్కువ ఉండే అవకాశం ఎక్కువని కూడా అదే బృందం తర్వాత చూపించింది. ఆ తల్లులతో విడిగా కూచుని మాట్లాడినప్పుడు వాళ్ళెవరూ తమది మనోవ్యాధి అనలేదు. కాపురంలో కష్టాలు, అత్తింటి మాటలు, డబ్బు, ఇవీ వాళ్ళు చెప్పిన కారణాలు.

అదే ఏడాది తమిళనాడు పల్లెల్లో జరిగిన ఒక అధ్యయనం కూడా అచ్చయింది. అందులో తేలిన కారణాల్లో తక్కువ రాబడి, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, అత్తగారితో పొసగకపోవడం ఉన్నాయి. ఇవి మనం ఊహించేవే. వీటితోపాటు సొంత తల్లిదండ్రులతో పొసగకపోవడం కూడా ఉంది. ఇది నన్ను ఆపింది. ఎందుకంటే మన ఆచారాలే బాలింతను కాపాడతాయన్న మాట తరచూ వింటాం. 1983లో ఇద్దరు మానవశాస్త్రవేత్తలు, స్టెర్న్, క్రుక్‌మన్, సరిగ్గా ఆ వాదనే చేశారు. కాన్పు తర్వాత తల్లికి విశ్రాంతి, విడి గది, తలంటు, నలుగురి సాయం ఇచ్చే సమాజాల్లో ఈ దిగులు తక్కువ ఉండొచ్చన్నారు. వినడానికి బావుంటుంది. అయితే పుట్టింటికి పంపడం ఒక ఏర్పాటు, పుట్టింట్లో ఆదరించడం వేరే సంగతి. పురిటికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న గొడవ జరిగే ఇంట్లో నడికట్టు కట్టినా మనసుకు ఆసరా ఉండదు.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయిన ఒక సమీక్ష మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20,043 మంది తల్లుల వివరాలను కలిపి చూసింది. మొత్తమ్మీద 22 శాతం. పల్లెల్లో 17 శాతం, పట్టణాల్లో 24 శాతం. దక్షిణాదిలో 26 శాతం, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ.

పట్టణంలో ఎందుకు ఎక్కువ అన్నదానికి హైదరాబాదు బస్తీలో ఒక్క గది చాలు. పల్లెలో మొదటి కాన్పుకు పుట్టిల్లు, మూడు నెలలో అయిదు నెలలో అక్కడే. బస్తీలో పుట్టిల్లు అంటే పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వలసొచ్చి రెండు వీధులవతల ఉంటున్న ఇంకో ఒంటిగది. అక్కడి అమ్మ కూడా పొద్దున్నే నాలుగిళ్ళల్లో పాచిపనికి వెళ్ళాల్సిన మనిషే. 2017లో సవరించిన ప్రసూతి చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇస్తుంది, పదిమందో అంతకన్నా ఎక్కువో పనిచేసే సంస్థల్లో ఉద్యోగం ఉన్నవాళ్ళకు. ఇళ్ళల్లో అంట్లు తోమే మనిషికి ఆ చట్టం అందదు. రెండు నెలలు రాకపోతే అమ్మగారు ఇంకో మనిషిని పెట్టుకుంటారు. పచ్చి బాలింత అన్న మాట బస్తీకి వచ్చేసరికి నలభై రోజుల నుంచి ఇరవై రోజులకు, అక్కణ్ణుంచి పదకొండు రోజులకు కుదించుకుపోతుంది.

ఆచారం కుదించుకుపోయింది గానీ తిట్టు కుదించుకుపోలేదు. పెద్దావిడ "మేం నలుగుర్ని కని మర్నాడే నాట్లకు పోయినం" అంటుంది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆవిడను కూడా ఎవ్వరూ ఏమీ అడగలేదు, తనకు దక్కని ఓదార్పు ఇంకొకరికి ఇవ్వడం ఆవిడకు చేతకాదు. "పిచ్చిదని ముద్ర పడితే చెల్లెలికి పెళ్ళవదు" అని తండ్రి భయం. "పిచ్చిదాని దగ్గర పిల్లనెట్లా ఉంచుతాం" అని అత్త బెదిరింపు. ఆఖరిది ఏ తల్లికైనా చాలు నోరు మూయించడానికి. ఎర్రగడ్డ అన్న ఊరిపేరే హైదరాబాదులో ఒక తిట్టు అయింది. ఇక ఆ వైపు బస్సెక్కేదెవరు? 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, వైద్యం తీసుకుంటున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదని చెబుతోంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచీ తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే వార్డు ఉంది. ఈ సంగతులు బస్తీ దాకా రాలేదు, బెదిరింపు మాత్రం ఎప్పుడో వచ్చి కూచుంది.

*

ఈ చిక్కుముడిని విప్పినవాళ్ళు ఉన్నారు. ఇద్దరి గురించి చెబుతాను.

పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లాలో ఆతిఫ్ రహ్మాన్ బృందం మన ఆశా కార్యకర్తల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చింది. వాళ్ళు ఇంటికి వెళ్ళి 'మీకు డిప్రెషన్ ఉంది' అనరు. 'బిడ్డ బాగా పెరగాలంటే ఏం చేద్దాం' అంటారు. బిడ్డ పేరు చెబితే అత్తగారు కూడా పక్కన కూచుంటుంది, అడ్డుపడదు. ఆ మాటల వరసలోనే తల్లి ఆలోచనల్ని, తిండిని, నిద్రను, ఇంట్లోవాళ్ళ సాయాన్ని చక్కబెడతారు. 2008లో వచ్చిన ఫలితాల్లో ఆరు నెలలకు వీళ్ళు వెళ్ళిన ఊళ్ళల్లో 23 శాతం తల్లులు దిగులుతో ఉంటే, ఈ పద్ధతి లేని ఊళ్ళల్లో 53 శాతం ఉన్నారు. ఇది పల్లెల్లో జరిగిన పని. అయినా కళంకాన్ని ఎదురుగా ఢీకొట్టకుండా పక్కనుంచి దాటడం ఎలాగో ఇక్కడ నేర్చుకోవచ్చు.

రెండోది నగరంలోదే. జింబాబ్వే రాజధాని హరారేలో 2005లో ప్రభుత్వం 'చెత్త ఊడ్చివేత' పేరుతో గుడిసెలు కూల్చింది. ఇల్లో బతుకుదెరువో, రెండూనో పోగొట్టుకున్నవాళ్ళు ఏడు లక్షల మందని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆ రోజుల్లో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడి పేషెంటు ఒకామె ఆత్మహత్య చేసుకుంది. ఆసుపత్రికి రావడానికి బస్సు ఛార్జీ పదిహేను డాలర్లు లేక రాలేకపోయిందని ఆమె తల్లి చెప్పింది. మరుసటి ఏడాది చిబాండా ఆ నగరపు పాత పేదవాడ ఎంబారేలో క్లినిక్ బయట చెట్టుకింద ఒక చెక్కబెంచీ వేయించి, 14 మంది ముసలమ్మలకు శిక్షణ ఇచ్చాడు. మొదట దానికి మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెడితే, ఆ పేరు చూస్తే ఎవరూ కూచోరని ఆ ముసలమ్మలే మార్పించారు. స్నేహపు బెంచీ అయింది. హరారే పరిసరాల్లో 210 మంది బాలింతల్ని పరీక్షిస్తే మూడో వంతు మందిలో డిప్రెషన్ ఉందని అదే చిబాండా 2010లో చూపించాడు. 2016లో వెలువడిన పరిశోధనలో, బెంచీ మీద కూచున్నవాళ్ళలో ఆరు నెలల తర్వాత డిప్రెషన్ లక్షణాలు మిగిలినవాళ్ళు 13.7 శాతం, మామూలు వైద్యం పొందినవాళ్ళలో 49.9 శాతం.

ఆ ముసలమ్మలు డిప్రెషన్ అనే మాట వాడరు. 'కుఫుంగిసిస' అంటారు. షోనా భాషలో దాని అర్థం 'అతిగా ఆలోచించడం'. ఇది చదవగానే నాకు తెలంగాణలో అనే 'రంది' గుర్తొచ్చింది. "గంత రంది పెట్టుకోకు బిడ్డా" అనే మాటలో తిట్టు లేదు, పిచ్చి అనే ముద్ర లేదు. 'మనాది' కూడా అంతే. మనోవ్యాధి అన్న సంస్కృత సమాసం జనం నోట్లో నలిగి నలిగి మనాది అయింది. మనాదితో మనిషి కృశించిపోతుందని మన పల్లెకు ముందునుంచీ తెలుసు. కోస్తాలో దిగులు, బెంగ ఉన్నాయి. అంటే నేను మొదట్లో పేరు లేదన్నది పూర్తి నిజం కాదు. భర్త దూరమైనందుకు, కొడుకు పోయినందుకు, చేను ఎండినందుకు మనాది పెట్టుకోవచ్చని ఒప్పుకున్నాం. బిడ్డ పుట్టినందుకు మాత్రం ఆ మాటను తల్లికి ఇవ్వలేదు. ఉన్న మాటనే ఆమెకు కూడా ఇవ్వడం మన చేతుల్లో పని.

అదేమీ అసాధ్యమైన పని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. పిల్లకు ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలు. బస్తీ దవాఖానా ముందు, అంగన్‌వాడీ ముందు తల్లులు వరసలో కూచుని ఉంటారు. దిగులు ముదిరే వారాలు కూడా సరిగ్గా అవే. పిల్లను తూకం వేస్తారు, కార్డులో గీత గీస్తారు, సూది వేస్తారు, జ్వరమొస్తే వేయాల్సిన చుక్కలు ఇస్తారు. ఆ కార్డు పట్టుకున్న మనిషిని "నీకు నిద్ర పడుతోందా? ఏమన్నా రంది పెట్టుకున్నవా?" అని అడగడానికి కొత్త భవనం అక్కర్లేదు. అడిగాక ఆమె ఏడిస్తే ఎవరి దగ్గరికి పంపాలో తెలిసి ఉండాలి, పంపడానికి బస్సు ఛార్జీ ఉండాలి, ఆమె వెళ్ళొచ్చేదాకా పనిలోంచి తీసేయకుండా ఉండాలి. ప్రశ్న అడగడం తేలిక, మిగతా మూడూ కష్టం. ఆ మూడూ లేకుండా ప్రశ్న మాత్రమే అడిగితే అది ఇంకో రికార్డు నింపడం అవుతుంది.

మనోవ్యాధికి మందు లేదు అని మన సామెత. వంద ఏళ్ళ క్రితం అది అనుభవంతో అన్న మాటే అయి ఉంటుంది. ఎంబారేలో ఇప్పటికీ ముసలమ్మలు బెంచీల మీద కూచుని ఆ సామెత తప్పని రోజూ రుజువు చేస్తున్నారు.